కోహిమా యుద్ధ వ్యాసాన్ని మనం ఎలా సరిచూడాలి?

మన సంఘం వెలువరించే ఇలాంటి సంచికల్లో వీరుల గురించి, పండుగల గురించి, పాటల గురించి మంచి వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి మేము ఒక పని గురించి రాయదలిచాం. అది మీరు ఇంటి దగ్గరో, హాస్టల్‌లోనో కూర్చుని చేయగలిగిన పని. విజ్ఞాన సర్వస్వంలో ఒక యుద్ధం గురించి ఉన్న వ్యాసాన్ని చదివి, అందులో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో, ఎవరిని మరిచారో చెప్పడం. దీన్నే తోటివారి సమీక్ష అంటారు.

మేము గిరిజన వసతి గృహంలో పిల్లల మధ్య ఉండేవాళ్లం. చరిత్ర ప్రాజెక్టు ఇచ్చిన మర్నాడు ముప్పై నోటు పుస్తకాల్లో ఒకే పేరా కనిపించడం మాకు అలవాటే. అది ఎక్కడిదంటే అందరూ ఫోన్ చూపిస్తారు. ఆ పేరా ఎవరు రాశారు, దేని ఆధారంగా రాశారు అని అడిగితే గది నిశ్శబ్దమైపోతుంది. వికీపీడియాలో రాసేది మనలాంటి మనుషులేననీ, దాన్ని సరిచేసే హక్కు మనకూ ఉందనీ చాలామంది పిల్లలకు తెలియదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. మన యువతలో చాలామంది వయసు దానికన్నా తక్కువే.

సమీక్ష అంటే ఏమిటి?

ఒక వ్యాసాన్ని బాగా పెంచినవారు దాన్ని తోటివారి ముందు పెడతారు. తక్కినవారు చదివి తమ వ్యాఖ్యలు రాస్తారు. రాసినవారు ఒక్కో వ్యాఖ్యకు జవాబు చెబుతారు. ఒప్పుకుంటే మారుస్తారు, ఒప్పుకోకపోతే ఎందుకో చెబుతారు. ఇందులో పాసు, ఫెయిలు లేవు. మన ఊళ్లలో పెద్దలు కూర్చుని తగువు తీర్చేటప్పుడు ఇరుపక్షాల మాట విని, సాక్షిని పిలిచి, ఆ తర్వాతే తీర్పు చెప్పడం మీకు తెలుసు. ఇదీ అలాంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ సాక్షి అచ్చులో ఉండాలి.

మూడు నియమాలు గుర్తుంచుకుంటే చాలు. మొదటిది తటస్థత: ఏ పక్షం వైపూ మొగ్గకుండా రాయాలి. రెండోది నిర్ధారణ: ప్రతి ముఖ్యమైన మాటకూ ఇతరులు వెతికి చూసుకోగల మూలం ఉండాలి. మూడోది, మన సొంత పరిశోధనను, మన ఊహను నేరుగా అందులో పెట్టకూడదు. ఈ మూడో నియమం మన సమాజాలకు బరువైనది. దాని సంగతి తర్వాత చెబుతాం.

ఉదాహరణకు కోహిమా

ఉదాహరణగా మేము కోహిమా యుద్ధాన్ని ఎంచుకున్నాం. అది కొండ ప్రాంతపు ఆదివాసుల ఊళ్ల మధ్య, వారి పొలాల మీద జరిగిన యుద్ధం కావడం ఒక కారణం. మన మన్యంతో దానికి ఒక దారం ముడిపడి ఉండడం రెండో కారణం.

ముందు కథ క్లుప్తంగా. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 నాటికి జపాన్ బర్మాను ఆక్రమించింది. అక్కడ కూలి పనులకు వెళ్లిన మన తెలుగువాళ్లతో సహా లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగొచ్చారు. అదే సంవత్సరం ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. 1944 మార్చిలో జనరల్ ముతగుచి నాయకత్వంలోని జపాన్ 15వ సైన్యం చింద్విన్ నది దాటి మణిపూర్, నాగా కొండల వైపు వచ్చింది. మూడు డివిజన్లలో రెండు ఇంఫాల్ మీదికి వెళ్లాయి. జనరల్ సాతో నడిపిన 31వ డివిజన్, దాదాపు 15,000 మంది, కోహిమా మీదికి వచ్చింది. వాళ్ల దగ్గర సుమారు మూడు వారాల తిండి మాత్రమే ఉంది.

కోహిమాలో అప్పుడు ఉన్నది దాదాపు 2,500 మంది. వారిలో నిజంగా పోరాడగలవారు 1,500 మంది. ఏప్రిల్ 4న మొదలైన దాడిని అస్సాం రెజిమెంటు, అస్సాం రైఫిల్స్, రాయల్ వెస్ట్ కెంట్ దళాలు రెండు వారాలు ఆపాయి. ఏప్రిల్ 20 నాటికి కొత్త బలగాలు వచ్చి వారిని విడిపించాయి. కానీ ఆ గుట్టల మీద యుద్ధం జూన్ దాకా సాగింది. తిండి, మందుగుండు అందక, పై నుంచి ఆజ్ఞ లేకుండానే సాతో తన బలగాలను వెనక్కి మళ్లించాడు. జూన్ 22న కోహిమా నుంచి, ఇంఫాల్ నుంచి వచ్చిన బ్రిటిష్ ఇండియా దళాలు 109వ మైలురాయి దగ్గర కలుసుకున్నాయి. దారి తెరుచుకుంది. ఇక సమీక్ష మొదలుపెడదాం.

మొదటి ప్రశ్న: వ్యాసం హద్దు ఎక్కడ?

యుద్ధ వ్యాసాల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. కోహిమా ముట్టడి వేరు, కోహిమా యుద్ధం వేరు, ఇంఫాల్ యుద్ధం వేరు. వీటన్నిటినీ కలిపిన జపాన్ దండయాత్ర మరొకటి. ముట్టడి ఏప్రిల్ 20తో ముగిసింది, యుద్ధం జూన్ 22తో ముగిసింది. ముట్టడి ముగిసిన తేదీని యుద్ధం ముగిసిన తేదీగా రాస్తే, మే నెలంతా అక్కడ చనిపోయినవాళ్లు వ్యాసం నుంచి జారిపోతారు. కాబట్టి మొదటి పేరా చదవగానే అడగాలి: ఇది ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా? ఏ చోటు నుంచి ఏ చోటు దాకా? లోపలి పేరాల్లోని తేదీలు, పక్కనున్న సమాచార పెట్టెలోని తేదీలు ఒకటేనా?

రెండో ప్రశ్న: లెక్కలు ఏం లెక్కిస్తున్నాయి?

తెలుగు వ్యాసాల్లో మేము తరచు చూసే చిక్కు ఇది. ఇంగ్లిషు పుస్తకాల్లోని 'క్యాజువాల్టీస్' అన్న మాటను మనవాళ్లు 'ప్రాణనష్టం' అని తెలుగు చేస్తారు. కానీ ఆ మాటలో చనిపోయినవారితో పాటు గాయపడినవారు, గల్లంతైనవారు, ఒక్కోసారి జబ్బుపడి పనికిరాకుండా పోయినవారు కూడా ఉంటారు. కోహిమాలో బ్రిటిష్ ఇండియా వైపు నష్టం 4,000 పైచిలుకు అని పుస్తకాలు చెబుతాయి. దాన్ని '4,000 మంది మరణించారు' అని రాస్తే తప్పు. జపాన్ వైపు కోహిమా లెక్క 5,700 నుంచి 7,000 వరకు పుస్తకాన్ని బట్టి మారుతుంది. మొత్తం దండయాత్రలో వాళ్ల నష్టం 50,000 దాటింది. అందులో ఆకలికి, మలేరియాకు, విరేచనాలకు పోయినవారే చాలామంది. సమీక్షకులు రాయాల్సిన వ్యాఖ్య ఇలా ఉండాలి: ఈ అంకె హతులదా, మొత్తం నష్టమా? కోహిమాదా, దండయాత్ర అంతటిదా? మూలాల్లో తేడా ఉంటే రెండూ చూపండి.

అలాగే డివిజన్, బ్రిగేడ్, బెటాలియన్ అన్నిటినీ 'సైన్యం' అని రాసేస్తే పాఠకుడికి ఏమీ అర్థం కాదు. డివిజన్ అంటే పది పదిహేను వేల మంది. బెటాలియన్ అంటే వెయ్యి లోపు. పదిహేను వందల మంది పదిహేను వేల మందిని ఆపారన్న సంగతే ఈ మాటల తేడాలో ఉంది.

మూడో ప్రశ్న: ఆ నేల ఎవరిది?

యుద్ధ పటాల్లో కోహిమా గుట్టలకు గారిసన్ హిల్, జైల్ హిల్, కుకీ పికెట్ వంటి పేర్లు కనిపిస్తాయి. డిప్యూటీ కమిషనర్ బంగళాలోని టెన్నిస్ కోర్టు ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఆ కోర్టుకు ఇటువైపు ఒకరు, అటువైపు ఒకరు ఉండి బాంబులు విసురుకున్నారు కాబట్టి అది ప్రసిద్ధమైంది. సరే. కానీ పటంలో 'నాగా విలేజ్' అని ఒక చోటు ఉంటుంది. అది అంగామీ నాగాల పాత ఊరు. కోహిమా అన్న పేరు పుట్టింది ఆ ఊరి నుంచే, వాళ్ల 'కెవ్హిమా' అన్న మాట నుంచే. పటం గీసినవారికి అది స్వాధీనం చేసుకోవలసిన ఎత్తైన స్థలం. అక్కడివారికి అది ధాన్యం కొట్లు, పశువులు, పూర్వీకుల సమాధులు ఉన్న ఇల్లు. జపాన్ సైనికులు చుట్టుపక్కల ఊళ్ల బియ్యం, పశువులు తిని బతికారు. ఇరువైపుల ఫిరంగులకు, విమానాలకు ఇళ్లు నేలమట్టమయ్యాయి.

ఇప్పుడు వ్యాసంలో చూడండి. టెన్నిస్ కోర్టుకు ఎన్ని వాక్యాలు, ఆ ఊరికి ఎన్ని? యుద్ధానికి ముందు అక్కడ ఎవరున్నారో, తర్వాత ఎవరు తిరిగొచ్చి ఇళ్లు కట్టుకున్నారో ఒక్క పేరా అయినా ఉందా? కోహిమా యుద్ధ శ్మశానంలో 1,420 సమాధులు ఉన్నాయి. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు ఒక స్మారకం మీద ఉన్నాయి. సైన్యం తన మనుషులను పేరు పేరునా లెక్కించింది. ఊరివారికి అలాంటి గోడ లేదు. ఆ లోటు వ్యాసంలో చెప్పదగ్గ విషయమే. విజ్ఞాన సర్వస్వంలో 'సమగ్రత' అనే గుణాన్ని చూస్తారు. పౌరుల సంగతి లేని యుద్ధ వ్యాసం సమగ్రం కాదని మీరు ధైర్యంగా రాయవచ్చు.

నాలుగో ప్రశ్న: 'విశ్వాసపాత్రులు' అన్నది ఎవరు?

నాగాలు గాయపడినవారిని కొండల మీది నుంచి మోసుకొచ్చారు. మందుగుండు మోశారు. శత్రువు కదలికలు చెప్పారు. 'వి ఫోర్స్' అనే నిఘా వ్యవస్థలో కొండ ప్రజలు పనిచేశారు. 14వ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ 1956లో వచ్చిన తన పుస్తకంలో వాళ్లను ఎంతో మెచ్చుకున్నాడు. అక్కడి నుంచి చాలా పుస్తకాల్లో 'విశ్వాసపాత్రులైన నాగాలు' అన్న మాట వచ్చి చేరింది.

మెచ్చుకుంటున్నారు కదా అని మనం ఊరుకోకూడదు. విశ్వాసం అన్నది యజమాని పనివాడికి ఇచ్చే కితాబు. వాళ్లు ఎందుకు ఆ పక్షాన నిలిచారు? తమ ధాన్యం పోతోందనా? డిప్యూటీ కమిషనర్ ఛార్లెస్ పాసీతో ఉన్న ఏళ్ల పరిచయం వల్లనా? కూలి కోసమా? ఒక్కో ఊరికి ఒక్కో కారణం ఉండవచ్చు. పైగా అందరూ ఒకే వైపు లేరు. తర్వాత నాగా ఉద్యమ నాయకుడైన అంగామీ జాపు ఫిజో అప్పుడు బర్మాలో ఉండి జపాన్, ఆజాద్ హింద్ ఫౌజ్ వైపు నిలిచారు. కాబట్టి సమీక్షకుల వ్యాఖ్య ఇది: మెచ్చుకోలు ఉంచదలిస్తే అది స్లిమ్ అభిప్రాయమని ఆయన పేరు మీద రాయండి, వ్యాసం గొంతుతో రాయకండి. వేరే వైపు నిలిచినవారి సంగతీ చేర్చండి.

ఇదే కొలత ఆజాద్ హింద్ ఫౌజ్ విషయంలోనూ వాడాలి. ఆ దండయాత్రలో సుభాష్ చంద్రబోస్ సైనికులు జపాన్‌తో కలిసి వచ్చారు. 1944 ఏప్రిల్ 14న మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో జెండా ఎగరేశారు. ఒకరికి అది దేశ విమోచన, మరొకరికి శత్రువు చొరబాటు. భారతీయులు ఇరువైపులా తుపాకీ పట్టారు. ఇద్దరి మాటా, ఎవరిది ఏ మాటో చెప్పి, పక్కపక్కన పెట్టాలి. మన మనసు ఎటు మొగ్గినా రాత అటు మొగ్గకూడదు.

తెలుగులో ఇంకొక తక్కెడ ఉంది. 'జనరల్ వచ్చారు', 'కూలీ మోశాడు' అని రాస్తాం. క్రియ చివర్లోనే ఒకరికి పీట వేసి, మరొకరిని నేల మీద కూర్చోబెడతాం. ఒక వ్యాసంలో అధికారులందరికీ 'రు', గిరిజనులందరికీ 'డు' కనిపిస్తే అది సమీక్షలో రాయదగ్గ విషయమే. అందరికీ ఒకే పద్ధతి పాటించమని అడగండి.

మన్యం దాకా వచ్చే దారం

కోహిమాను కాచిన వారిలో అస్సాం రైఫిల్స్ ఉందని చెప్పాం. ఆ పేరు మన తాతలకు తెలుసు. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1924 జనవరిలో, అల్లూరి సీతారామరాజు పోరాటాన్ని అణచడానికి అస్సాం రైఫిల్స్ దళాన్ని మన్యానికి రప్పించారు. మలబార్ స్పెషల్ పోలీసుల వల్ల పని కాకపోవడంతో వీళ్లను తెచ్చారు. కొండల్లో, అడవుల్లో తిరగడం తెలిసిన మనుషులను కొండ ప్రజల మీదికి పంపారు. ఒకే దళం ఒక చరిత్రలో రక్షకుడిగా, మరొక చరిత్రలో అణచినవాడిగా కనిపిస్తుంది. దళం పేరు చూసి మంచి చెడు తేల్చకూడదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పుడు అవే ప్రశ్నలు మన్యం వ్యాసానికి వేయండి. పేరు ఏమిటి? ప్రభుత్వ కాగితాల్లో 'పితూరీ', మన పుస్తకాల్లో 'పోరాటం', 'విప్లవం'. హద్దు ఎక్కడ? 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులతో మొదలుపెట్టి 1924 మే 7న రాజు మరణంతో ఆపేస్తారా? అలా ఆపితే ఆ తర్వాత జూన్‌లో మరణించిన గాం గంటం దొర వ్యాసంలోంచి జారిపోతారు. కోహిమా ముట్టడి తేదీతో ఆగిపోయిన వ్యాసానికి, దీనికి తేడా లేదు.

కారణాలు ఉన్నాయా? 1882 మద్రాసు అటవీ చట్టం, పోడు మీద ఆంక్షలు, ముఠాదారుల హక్కులు కుదించడం, గూడెం తహసీల్దారు బాస్టియన్ హయాంలో రోడ్డు పనికి సరైన కూలి ఇవ్వకుండా చేయించిన చాకిరీ. ఇవి లేకుండా ఒక్క వీరుడి కోపంతో యుద్ధం మొదలైనట్టు రాస్తే, కొండవాళ్లకు సొంత కారణాలే లేనట్టు అవుతుంది. 1879లోనే రంపలో పెద్ద తిరుగుబాటు జరిగిందన్న సంగతీ అందులో ఉండాలి.

నాయకుల పట్టికలో ఎవరున్నారు? 1922 సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర చనిపోయిన స్కాట్ కవర్డ్, హైటర్ పేర్లు దాదాపు ప్రతి చోటా ఉంటాయి. గాం మల్లు దొర పట్టుబడి, అండమాన్ జైలు చూసి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారన్న సంగతి ఎన్ని చోట్ల ఉంది? ఒక తిరుగుబాటుదారు గణతంత్ర భారత తొలి లోక్‌సభలో కూర్చున్నారంటే అది పక్కన రాసే విషయమా?

ఇక్కడ మనకూ పరీక్ష ఉంది. రాజు మరణం గురించి రెండు కథనాలున్నాయి. పారిపోబోతుంటే కాల్చామన్నది ప్రభుత్వ మాట. పట్టుకున్నాక చెట్టుకు కట్టి కాల్చారన్నది జనం మాట. మనకు రెండోదే నిజమనిపిస్తుంది. అయినా వ్యాసంలో రెండూ, ఎవరు చెప్పారో చెబుతూ ఉండాలి. తూటాలు తగలవన్న నమ్మకాన్ని నమ్మకంగానే రాయాలి. ముఠాదారుల్లో ప్రభుత్వం వైపు నిలిచినవారూ ఉన్నారని ఒప్పుకోవాలి. కోహిమాలో ఇతరుల దగ్గర అడిగిన నిజాయితీని మన ఇంటి చరిత్ర దగ్గరికి రాగానే సడలిస్తే, రేపు మన వ్యాఖ్యను ఎవరూ లెక్కచేయరు.

తాతమ్మ మాటకు మూలం ఎలా?

ఇక మూడో నియమం సంగతి. మీ తాతమ్మ ఒక గుట్ట చూపించి 'ఇక్కడే దాక్కున్నారు' అంటుంది. ఆ మాట అచ్చులో లేదు కాబట్టి వికీపీడియాలో పెట్టలేం. పెడితే 'ఆధారం చూపాలి' అని ముద్ర పడుతుంది, తర్వాత ఎవరో తీసేస్తారు. అటువైపు కలెక్టరు రాసిన నివేదిక దర్జాగా మూలమవుతుంది. రాసే వీలు ఎవరికి ఉండేదో వారి మాటే నిలవడం అన్యాయంగా అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపిస్తుంది.

దానికి మందు నియమాన్ని తిట్టడం కాదు. ఆ మాటను మూలంగా మార్చే దారి చూడాలి. చెప్పేవారి పేరు, ఊరు, వయసు, తేదీతో వారి అనుమతి తీసుకుని, వారి భాషలోనే రికార్డు చేయండి. కోయలో చెబితే కోయలోనే, కువిలో చెబితే కువిలోనే. తర్వాత తెలుగులో రాసి పెట్టండి. మీ డిగ్రీ కాలేజీ చరిత్ర అధ్యాపకులకు, విశ్వవిద్యాలయ పరిశోధకులకు, గిరిజన పరిశోధన సంస్థలకు చూపించండి. వారు సరిచూసి పుస్తకంలోనో, పత్రికలోనో అచ్చు వేస్తే అప్పుడది మూలం అవుతుంది. ఇలాంటి సంచికలో అచ్చయిన మాట ఒక్కటే చాలకపోవచ్చు గానీ, పరిశోధకులకు తొలి ఆనవాలు అవుతుంది. పెద్దలు వెళ్లిపోయాక ఈ పని ఎవరూ చేయలేరు. అందుకే ఇది వచ్చే వేసవి సెలవులకు వాయిదా వేసే పని కాదు.

వ్యాఖ్య ఎలా రాయాలి?

'వ్యాసం బాగాలేదు, మా వాళ్లను అవమానించారు' అని రాస్తే ఎవరూ ఏమీ మార్చలేరు. 'మూడో విభాగం రెండో పేరాలో ఊరివారి వలస ప్రస్తావన లేదు. ఫలానా పుస్తకం ఫలానా పేజీలో ఉంది, చేర్చగలరా?' అని రాస్తే మార్చక తప్పదు. చోటు చెప్పండి, లోపం చెప్పండి, మూలం చూపండి, మర్యాదగా అడగండి. బాగున్నదాన్ని బాగుందని కూడా రాయండి. రాసింది కూడా ఎవరో రాత్రిళ్లు కూర్చుని, జీతం లేకుండా రాసినదే.

మా దగ్గర తొమ్మిదో తరగతి పిల్లలను జట్లుగా విడదీసి ఇదే చేయిస్తుంటాం. ఒక జట్టు తేదీలు, ఒక జట్టు అంకెలు, ఒక జట్టు పేర్లు, ఒక జట్టు మూలాలు చూస్తుంది. ఫోన్లు తక్కువైనా పర్లేదు, ఒక ప్రింటు తీస్తే నలుగురికి సరిపోతుంది. పెన్సిల్‌తో గీతలు గీస్తారు. గంట గడిచేసరికి 'అక్కా, ఇక్కడ చనిపోయింది ఎవరో రాయలేదు' అని ఒక అమ్మాయి లేస్తుంది. ఆ ప్రశ్న వేయడం వచ్చాక ఏ పాఠ్యపుస్తకమూ ఆ అమ్మాయిని మభ్యపెట్టలేదు.

మన యువతకు మా మనవి ఇంతే. ఈ నెలలో ఒక్కొక్కరు ఒక్క వ్యాసం తీసుకోండి. కోహిమా అయినా సరే, మన్యం అయినా, జోడేఘాట్ అయినా, మీ మండలం పేజీ అయినా సరే. తెలుగు వికీపీడియాలో రెండు వాక్యాల పేజీలను 'మొలక' అంటారు. మన ఊళ్ల పేజీల్లోనూ మొలకలు ఉండవచ్చు. పైన చెప్పిన ప్రశ్నలు వేసి, చర్చా పేజీలో ఒక్క వ్యాఖ్య, ఆధారంతో, మీ పేరుతో రాయండి. జవాబు వచ్చేదాకా వారానికొకసారి వెళ్లి చూడండి. రాకపోతే మళ్లీ అడగండి.